ఒళ్ళు నేర్చుకున్న భయం

భయం గురించి చెప్పాల్సి వస్తే తెలుగులో మనం మనసు దాకా పోం. గుండె గుభేలుమందంటాం. కాళ్ళూ చేతులూ ఆడలేదంటాం. నాలుక పిడచకట్టుకుపోయింది, కడుపులో దేవింది, ఒళ్ళు చల్లబడింది, కొయ్యబారిపోయాను... అన్నీ ఒంటి మాటలే. శరీరధర్మశాస్త్రం పక్కన పెట్టుకుని చూస్తే వీటిలో ఒక్కటి కూడా ఉత్త అలంకారం కాదు. మెదడులోని అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగట్టగానే ఒంటిని ఆపదకు సిద్ధం చేసే సింపథెటిక్ నాడులు పని అందుకుంటాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు సెకన్లలో అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. చర్మానికీ జీర్ణకోశానికీ వెళ్ళే రక్తం తగ్గి, తొడల్లాంటి పెద్ద కండరాల వైపు మళ్ళుతుంది. అందుకే అరచేతులు చల్లబడతాయి, కడుపు తిప్పుతుంది, లాలాజలం ఊరడం తగ్గి నోరు ఎండిపోతుంది. దీని వెనకాల నింపాదిగా కదిలి వచ్చేది కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను. మెదడులోని హైపోథాలమస్ నుంచి దాని కిందున్న పిట్యూటరీ గ్రంథికి, అక్కణ్ణుంచి అడ్రినల్ గ్రంథికి కబురు చేరి, రక్తంలో అది బాగా పెరగడానికి 20-30 నిమిషాలు పడుతుంది. అది చేసే పనుల్లో ముఖ్యమైన ఒకదాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ‘ఇక చాలు, ఆపండి’ అని మెదడుకు తిరిగి కబురు పెట్టేది కూడా కార్టిసాలే.

ఇది రోగం కాదు. ప్రాణం కాపాడుకోవడానికి ఒంటికున్న ఏర్పాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 70 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ట్రామా (మనసునూ ఒంటినీ కుదిపేసే గాయం) కలిగించగల ఘటన ఎదురవుతుంది. వాళ్ళలో, ఆ దెబ్బ తర్వాత తగ్గకుండా ఉండిపోయే రుగ్మత పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) దాకా వెళ్ళేది 5.6 శాతం. మిగతావాళ్ళకు తొలి వారాల్లో నిద్ర పట్టదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, జరిగింది కళ్ళముందు తిరుగుతుంది, తర్వాత మెల్లగా సర్దుకుంటుంది. అలా సర్దుకోకుండా నాలుగు రకాల బాధలు నెల దాటినా పట్టి ఉంటేనే దాన్ని పీటీఎస్‌డీ అంటారు. జ్ఞాపకాలు అడగకుండా చొరబడటం, గుర్తుచేసేవాటి నుంచి తప్పించుకు తిరగడం, తన మీదా లోకం మీదా నమ్మకాలు చెడిపోవడం, ఒళ్ళు నిత్యం కాపలా కాస్తున్నట్టు ఉండటం. ఇవే ఆ నాలుగు. కాబట్టి ఈ వ్యాసంలో నేను అడిగే ప్రశ్న ‘ఒళ్ళు ఎందుకు భయపడింది’ అని కాదు. ప్రమాదం పోయాక కూడా ఎందుకు ఆగలేదు, ఎలా ఆపాలి అన్నది.

దీనికి ఈ మధ్య ఎక్కడ చూసినా ఒక జవాబు వినబడుతోంది. ట్రామా ఒంట్లో నిల్వ ఉండిపోతుంది, దాన్ని బయటికి పంపేస్తే నయమవుతుంది, అని. తుంటి కండరాల్లో దుఃఖం పేరుకుందని, దవడలో కోపం గడ్డకట్టిందని, ఒళ్ళు వణికిస్తేనో గట్టిగా ఏడ్చి అరిస్తేనో అది కరిగి పోతుందని చెబుతారు. ఈ మాటతో నాకు గట్టి పేచీ ఉంది. దవడ బిగుసుకోవడం నిజం, భుజాలు నొప్పి పుట్టడం నిజం. కానీ ఆ కండరంలో జ్ఞాపకమేమీ లేదు. బిగించమని దానికి క్షణక్షణం ఆజ్ఞ పంపుతున్నది నాడీవ్యవస్థ. ఆ ఆజ్ఞ వెనక ఉన్నది ఒక అంచనా: ‘మళ్ళీ జరగబోతోంది’. అది అనుభవంతో నేర్చుకున్న పాఠం. విషమైతే పిండి పారబోయొచ్చు. పాఠాన్ని అలా పారబోయలేం. దానికి ఎదురుగా ఇంకో పాఠం నేర్పాలి.

ఈ తేడా మాటల పట్టింపు కాదు, చికిత్స దారినే మార్చేస్తుంది. నిల్వ ఉందని నమ్మినవాళ్ళు ఒకసారి భోరున ఏడ్చి తేలికపడతారు. వారం తిరిగేసరికి గుండె దడ మళ్ళీ వస్తుంది. ‘ఇంకా లోపల చాలా మిగిలిందన్నమాట’ అనుకుని మరోసారి తవ్వుతారు. ఏళ్ళు గడిచినా ఇది తెగదు. మరోవైపు, ‘అంతా నీ మనసులోనే ఉంది, ఆలోచించడం మానెయ్’ అని విసుక్కునేవాళ్ళూ అంతే తప్పు. ఉలికిపాటును కనురెప్ప కొట్టుకునే తీరులో, అరచేతి చెమటలో, గుండె వేగంలో పరికరాలతో కొలవొచ్చు. నటించి తెప్పించుకునేవి కావవి.

పాఠం ఎలా నాటుకుంటుందో చూద్దాం. ప్రాణం మీదికొచ్చిన క్షణంలో చుట్టూ ఉన్నవన్నీ హెచ్చరికలుగా ముద్రపడతాయి. డీజిల్ వాసన, ఒక రకం లైటు, వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడు, సాయంత్రం ఆ వేళ. పాము కరిచినవాడు తాడును చూసినా జంకుతాడన్నది దీని గురించే. కానీ బయటి గుర్తులకన్నా కష్టమైనవి లోపలి గుర్తులు. ఆ రోజు గుండె దడదడలాడింది కదా, ఇప్పుడు మెట్లెక్కి గుండె వేగం పెరిగినా అదే హెచ్చరికగా పనిచేస్తుంది. మనిషికి కారణం తెలియదు. ఉన్నట్టుండి భయం ముంచేస్తుంది. అందుకే కొందరు వ్యాయామం మానేస్తారు, వేడినీళ్ళ స్నానం మానేస్తారు, చివరికి గట్టిగా నవ్వడానికి కూడా జంకుతారు. ఏది ఎప్పుడు ఎక్కడ జరిగిందో పేర్చి పెట్టే హిప్పోకాంపస్ తీవ్రమైన ఒత్తిడిలో ఆ పని సరిగా చేయలేదు. దాంతో జ్ఞాపకానికి తారీఖు ఉండదు. గుర్తుకు రావడం కాదు, మళ్ళీ జరుగుతున్నట్టే ఉంటుంది.

ఇక్కడ రెండు అపోహలు తీసేయాలి. ట్రామా మెదడును కుదించేస్తుందని స్కాన్ బొమ్మలు చూపించి భయపెడతారు. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో యుద్ధానికి వెళ్ళిన సైనికుల్ని, యుద్ధం చూడని తమ సమరూప కవల సోదరులతో పోల్చారు. తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్న సైనికుడి హిప్పోకాంపస్ చిన్నదిగా ఉంటే, యుద్ధమే చూడని సోదరుడిది కూడా చిన్నదిగానే ఉంది. అంటే ఆ తేడాలో కొంతైనా ముందే ఉంది. ట్రామా తాకిడికి కొందరు ఎక్కువగా లోనుకావడానికి అదొక కారణం కావచ్చు. బొమ్మ చూసి ‘నా మెదడు పాడైపోయింది’ అనుకోనక్కర్లేదు. రెండోది కార్టిసాల్. పీటీఎస్‌డీలో అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుందనుకుంటారు. పరిశోధనల్లో చాలాసార్లు మామూలుగానో తక్కువగానో కనబడింది. కాబట్టి కార్టిసాల్ పరీక్ష పీటీఎస్‌డీ ఉందో లేదో చెప్పదు. దాన్ని తగ్గిస్తామనే పొడులకు డబ్బు పోయనవసరం లేదు.

కొయ్యబారిపోవడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే దీని చుట్టూ జరిగినంత అన్యాయం మరి దేని చుట్టూ జరగలేదు. పోరాడటం, పారిపోవడం రెండూ కుదరనప్పుడు చాలా జంతువుల్లాగే మనిషి ఒళ్ళూ నిశ్చలమైపోతుంది. కండరాలు కదలవు, గొంతు పెగలదు, నొప్పి కూడా దూరంగా ఎక్కడో ఉన్నట్టుంటుంది. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర విభాగానికి వచ్చిన 298 మంది మహిళల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్ళలో 70 శాతం మంది ఆ సమయంలో గణనీయంగా, 48 శాతం మంది అతి తీవ్రంగా ఇలా స్తంభించిపోయామని చెప్పారు. ఆరు నెలల తర్వాత పీటీఎస్‌డీ, డిప్రెషన్ కూడా అలా స్తంభించినవాళ్ళలోనే ఎక్కువగా కనబడ్డాయి. ‘ఎందుకు అరవలేదు? ఎందుకు పెనుగులాడలేదు?’ అని అడిగే ప్రతి మనిషీ, ఆ మనిషి పోలీసైనా న్యాయవాదైనా కన్నతల్లైనా, ఒక ప్రతిచర్యను అంగీకారంగా లెక్కకడుతున్నట్టే. కంట్లో దుమ్ము పడితే రెప్ప మూసుకున్నందుకు ఎవరినీ నిలదీయం కదా. ఆ ప్రశ్న విన్నవాళ్ళు తర్వాత దాన్నే తమని తాము అడుగుతూ బతుకుతారు. ఆ స్వీయనింద పీటీఎస్‌డీని నిలబెట్టే బలమైన స్తంభాల్లో ఒకటి.

కాపలా నెలల తరబడి సాగితే ఒంటి మీద భారం పడుతుంది. నిద్ర ముక్కలవుతుంది. తలనొప్పి, మెడనొప్పి, దవడనొప్పి, పళ్ళు కొరకడం, పేగుల అలజడి, పొత్తికడుపు నొప్పి. దీర్ఘకాలిక నొప్పి, పీటీఎస్‌డీ ఒకే మనిషిలో కలిసి ఉండటం మామూలు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో గుండె దడ, ఆయాసంతో వచ్చిన సైనికుల గురించి డా కోస్టా అనే వైద్యుడు 1871లోనే రాశాడు. గుండెలో జబ్బు మాత్రం చాలామందిలో దొరకలేదు. అలాగని ప్రతి దడా ట్రామా కాదు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, గుండె లయ తప్పినా, కెఫీన్ మోతాదు మించినా ఇవే లక్షణాలు. ముందు రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ చేయించుకుని, అవి బాగున్నాయని తేలాకే థెరపీ మాట మొదలుపెట్టాలి. ఈ మెట్టు దాటేసే థెరపిస్టులున్నారు. అది నిర్లక్ష్యం.

ఘటన జరిగిన తొలి రోజుల్లో ఏం చేయాలో చెప్పేముందు ఏం చేయకూడదో చెప్పాలి. బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్క సిట్టింగులో చెప్పించి, కక్కించేస్తే మేలన్న నమ్మకంతో డీబ్రీఫింగ్ అనే పద్ధతి చాలాకాలం నడిచింది. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్ళ మీద 1997లో వచ్చిన అధ్యయనంలో, డీబ్రీఫింగ్ పొందినవాళ్ళలో 13 నెలల తర్వాత 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది. పొందనివాళ్ళలో 9 శాతం మందికే. మొదటి జట్టువాళ్ళ గాయాలు కాస్త ఎక్కువ తీవ్రమైనవన్నది నిజమే. కానీ తర్వాత మరెన్నో అధ్యయనాలు కలిపి చూసినా మేలు కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దీన్ని వాడొద్దంది. తొలి నెలలో ఆందోళన తగ్గించడానికి బెంజోడయాజిపైన్ మాత్రలు కూడా ఇవ్వొద్దంది. కక్కించడం అనే ఊహ ఎక్కడ దెబ్బతింటుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మరి చేయాల్సింది? సురక్షితమైన చోటు, తిండి, నిద్రకు వీలు, నమ్మకమైన మనిషి తోడు. చెబితే వినడం, చెప్పకపోతే ఊరుకోవడం. నిర్ణయాలు వాళ్ళ చేతిలోనే ఉంచడం, ‘నీళ్ళు ఇప్పుడు తాగుతావా, కాసేపాగి తాగుతావా’ అన్నంత చిన్నవైనా సరే. రాత్రి పీడకలతో అరుస్తుంటే పట్టుకుని కుదపొద్దు. దూరంగా నిలబడి లైటు వేసి, పేరు పెట్టి పిలిచి, ఎక్కడున్నారో, ఏ రోజో చెప్పాలి.

ఒంటిని శాంతపరిచే ఉపాయాల్లో ఎక్కువగా చెప్పేదీ, ఎక్కువగా తప్పు చెప్పేదీ శ్వాస. ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అంటారు. భయంలో ఉన్న మనిషి అప్పటికే అవసరానికి మించి పీలుస్తుంటాడు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడుకు వెళ్ళే రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది, పెదవులూ వేళ్ళూ తిమ్మిరెక్కుతాయి. దానికి ఇంకా గట్టిగా పీల్చడం తోడైతే ఆజ్యం పోసినట్టే. సరైనది వదలడం మీద దృష్టి. ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా మామూలుగా పీల్చి, 6 లెక్కపెట్టేదాకా వదలాలి. నిమిషానికి 6 శ్వాసలవుతాయి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె కొంచెం నెమ్మదిస్తుంది. ఇది రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున, ప్రశాంతంగా ఉన్నప్పుడు సాధన చేయాలి. ఈత వరదలో నేర్చుకోలేం. కాగితం సంచిలో ఊపిరి పీల్చే పాత పద్ధతి వద్దు. అది ఆస్తమానో గుండె జబ్బో అయితే ప్రమాదం.

కొందరికి కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెడితేనే భయం పెరుగుతుంది, ఎందుకంటే వాళ్ళకి శ్వాసే గుర్తు. అలాంటప్పుడు కళ్ళు తెరిచి, పాదాలు నేలకి ఆనించి, కనబడేవి 5, తాకగలిగేవి 4, వినబడేవి 3, వాసనలు 2, రుచి 1 పైకి పేర్లు చెప్పాలి. మనసులో అనుకుంటే సరిపోదు, పైకే చెప్పాలి. చల్లని నీళ్ళలో 15-30 సెకన్లు ముఖం ముంచితే గుండె వేగం చప్పున తగ్గుతుంది. గుండె జబ్బున్నవాళ్ళు మాత్రం దీని జోలికి పోకూడదు.

ఇవన్నీ బ్రేకులు. బండి దారి మార్చవు. పైగా, ప్రతి భయానికీ వీటినే ఆసరా చేసుకుంటే ‘శ్వాస లెక్కపెట్టబట్టే బతికాను’ అని ఒళ్ళు కొత్త పాఠం నేర్చుకుంటుంది, పాతది చెక్కుచెదరదు. నీళ్ళ సీసా లేకుండా గడప దాటకపోవడం, ఎప్పుడూ తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చోవడం కూడా ఇలాంటివే.

దారి మార్చే పని జ్ఞాపకం వైపు నడిచే థెరపీలది. వాటిలో ఎక్కువ పరీక్షకు నిలిచినవాటిలో ఒకటి మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, అంటే భయపెట్టేదాన్ని తప్పించుకోకుండా చాలాసేపు ఎదుర్కోవడం. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, సెషన్ 60-90 నిమిషాలు. మొదటి రెండింటిలో లక్షణాలు ఎలా పుట్టాయో వివరిస్తారు, తప్పించుకు తిరుగుతున్నవాటి జాబితా తయారుచేస్తారు. ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు వేస్తారు. మూడో సెషన్ నుంచి అసలు పని. కళ్ళు మూసుకుని, ఘటనను ఇప్పుడే జరుగుతున్నట్టు వర్తమానకాలంలో, ‘నేను’ అంటూ పైకి చెప్పాలి. 30-45 నిమిషాలు, అయిపోతే మళ్ళీ మొదటినుంచి. థెరపిస్టు ప్రతి 5 నిమిషాలకీ మార్కు అడుగుతారు. తర్వాత 15-20 నిమిషాలు అందులో ఏం తెలిసిందో మాట్లాడుకుంటారు. ఇదంతా రికార్డు చేసి ఇంటిదగ్గర రోజూ వినాలి. దీనికి సమాంతరంగా జాబితాలోంచి 40-50 మార్కులున్న పనితో మొదలుపెట్టి, భయం సగానికి దిగేదాకానో 30-45 నిమిషాలో అక్కడే ఉండాలి.

పని చెడేది ఎక్కడంటే, చాలామంది జరిగింది వార్త చదివినట్టు చదివేస్తారు. ‘అప్పుడతను వచ్చాడు, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళారు.’ ఆ మధ్యలో ఉన్న అసలు క్షణం దాటిపోతుంది. భయం రేగకపోతే మార్చడానికి పాఠం బయటికి రానట్టే. తర్వాతి సెషన్లలో ఆ ఒక్క క్షణాన్నే నెమ్మదిగా పదేపదే చెప్పిస్తారు. రెండో పొరపాటు భయం పతాకస్థాయికి చేరినప్పుడు లేచి వచ్చేయడం. ‘పారిపోతేనే బతుకు’ అన్న పాఠం ఇంకాస్త గట్టిపడుతుంది. మూడోది మాత్రో మద్యమో తీసుకుని వెళ్ళడం. నాకు బాగా ఉపయోగమనిపించే చిన్న అలవాటు ఒకటుంది. వెళ్ళేముందు ‘ఏం జరుగుతుందని అనుకుంటున్నాను’ అని ఒక వాక్యం, వచ్చాక ‘ఏం జరిగింది’ అని ఒక వాక్యం రాయడం. ఆ రెంటి మధ్య తేడాలోనే కొత్త పాఠం ఉంది. భయం తగ్గకపోయినా, అనుకున్న ఘోరం జరగలేదని తెలిస్తే ఆ రోజు పని అయినట్టే.

అందరికీ ఇది పడదు. భయం కన్నా నింద, సిగ్గు బరువుగా ఉన్నవాళ్ళకి మనస్తత్వవేత్త పాట్రీషియా రేసిక్ తయారుచేసిన సీపీటీ (కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ) మేలని నా అభిప్రాయం. 12 సెషన్లు. మొదట ఒక పేజీ రాయాలి: ఇది ఎందుకు జరిగిందని నమ్ముతున్నారు, భద్రత, నమ్మకం, అధికారం, ఆత్మగౌరవం, సాన్నిహిత్యం గురించి మీ నమ్మకాలు ఎలా మారాయి అని. అందులోంచి ఇరుక్కుపోయిన ఆలోచనల్ని ఏరుతారు. ‘నాకు భయంగా ఉంది’ అలాంటి ఆలోచన కాదు, అది భావం. ‘నేను నమ్మిన మనిషే నన్ను కొట్టాడు’ కూడా కాదు, అది వాస్తవం. ‘ఇక ఎవర్నీ నమ్మకూడదు’, ‘నేను అరిచి ఉంటే ఆగేది’ అన్నవి అలాంటివి. వీటిని కాగితం మీద సాక్ష్యాలతో విచారిస్తారు. కొయ్యబారడం గురించి పైన చెప్పిన సంగతి ఇక్కడ ఒక సాక్ష్యంగా నిలబడి మనిషిని విడుదల చేయగలదు.

కళ్ళ కదలికలతో చేసే ఈఎమ్‌డీఆర్ థెరపీ గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. ఫ్రాన్సిన్ షపీరో 1989లో ప్రచురించిన పద్ధతి, ఎనిమిది దశలు. జ్ఞాపకంలోని ఒక దృశ్యాన్ని మనసులో పెట్టుకుని, థెరపిస్టు వేళ్ళ కదలికను కళ్ళతో అనుసరించాలి. ఒక్కో విడత దాదాపు అర నిమిషం. బాధకు 0-10 మార్కులు, కొత్త నమ్మకానికి 1-7. పనిచేస్తుందనడానికి ఆధారాలు బాగున్నాయి. కళ్ళు తిప్పడం వల్లే పనిచేస్తుందా అన్నది మాత్రం తేలని వివాదం. అప్పటికప్పుడు విషయాల్ని పట్టి ఉంచే జ్ఞాపకశక్తికి ఒకేసారి రెండు పనులు పెడితే దృశ్యం మసకబారుతుందన్న వివరణ నాకు సబబుగా ఉంది. కుడి ఎడమ మెదళ్ళను కలుపుతుందన్న ప్రచారానికి తగిన ఆధారం లేదు.

మాట్లాడటం కష్టమైనవాళ్ళకు రాత ఉంది: 5 సెషన్లు, ప్రతిసారి 30 నిమిషాలు చేత్తో రాయడం, ఇంటిపని లేదు. 2018లో వచ్చిన ఒక ట్రయల్‌లో ఇది 12 సెషన్ల సీపీటీకి తీసిపోలేదు. ఏళ్ళ తరబడి యుద్ధం, హింస చూసినవాళ్ళకు నేరేటివ్ ఎక్స్‌పోజర్ ఉంది. నేల మీద తాడు పరిచి, మంచి రోజులకు పూలు, చెడ్డ రోజులకు రాళ్ళు పెట్టి, జీవితాన్ని పుట్టుక నుంచి వరసగా చెప్పిస్తారు. తారీఖు లేని జ్ఞాపకానికి తారీఖు వేయడమే ఇందులోని అసలు పని.

మందులు రెండో వరస. సెర్ట్రలైన్, పారోక్సెటైన్ కొంత సాయం చేస్తాయి, ఫలితానికి వారాలు పడుతుంది, ఒక్కసారిగా ఆపకూడదు. పీడకలలకు వాడే ప్రజోసిన్, 304 మంది మాజీ సైనికులతో చేసిన ట్రయల్‌లో (2018) ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. పీడకలకి ముందు ప్రయత్నించదగ్గది మందు లేని పద్ధతి. మరీ భయంకరం కాని కలను ఒకదాన్ని ఎంచుకుని రాసి, మీకు నచ్చినట్టు కథ మార్చి, మార్చిన కథను పగటిపూట రోజూ 10-20 నిమిషాలు కళ్ళముందు చూసుకోవాలి. పాత కలను సాధన చేయకూడదు. ఇక్కడే చాలామంది తప్పుతారు.

ఒంటితో చేసే పద్ధతులకు చోటు లేదని నేననడం లేదు. 2014లో 64 మంది మహిళలతో చేసిన అధ్యయనంలో, 10 వారాల యోగా చేసినవాళ్ళలో 52 శాతం మంది పీటీఎస్‌డీ పరిధి దాటి బయటపడ్డారు. యోగా చేయని మరో జట్టులో అది 21 శాతం. దీన్ని నిల్వ కరిగిందనడానికి రుజువుగా చూపుతారు. నాకు ఇందులో కనబడేది ఇంకొకటి. గుండె వేగం పెరిగినా, తొడ వణికినా, ఏ ప్రమాదమూ రాలేదని ఒళ్ళు పదేపదే చూసింది. మెట్లు గబగబా ఎక్కడం, కుర్చీలో గిరగిరా తిరగడం, ఒక నిమిషం స్ట్రా ద్వారా ఊపిరి తీయడం లాంటి సాధనలు థెరపీలో చేయించేదీ ఇందుకే. అందరి చేతా మాత్రం కాదు. ముందు వైద్యుడు చూడాలి.

థెరపిస్టుల మీద నా ఫిర్యాదు ఒకటుంది. ‘ముందు స్థిరపడాలి’ అంటూ నెలల తరబడి శ్వాస, సురక్షిత స్థలం ఊహలు, రంగుల బొమ్మలతో గడిపేస్తారు. జ్ఞాపకం దగ్గరికి వెళ్ళరు. ఆత్మహత్య ఆలోచనలు, ప్రాణాపాయం, అదుపు లేని మత్తు అలవాటు ఉంటే ముందు వాటిని చూసుకోవడం న్యాయం. కొట్టే మనిషి అదే ఇంట్లో ఉంటే అలారం అబద్ధం చెప్పడం లేదు. అక్కడ కావలసింది ఎక్స్‌పోజర్ కాదు, బయటపడే దారి. కూర్చున్నచోటే మనిషి దూరమైపోయి, చూపు ఆగిపోయి, పిలిచినా పలకకపోతే ఆ స్థితిలో చెప్పించింది వంటబట్టదు. కళ్ళు తెరిపించి, నిలబెట్టి, చల్లని వస్తువు చేతికిచ్చి వెనక్కి తెచ్చుకుని, అప్పుడే ముందుకెళ్ళాలి. ఇవేవీ లేకుండా, విన్నదానికి తామే తట్టుకోలేమన్న జంకుతో వాయిదా వేస్తే అది కూడా తప్పించుకు తిరగడమే. థెరపిస్టు భయం రోగి చూసి నేర్చుకుంటాడు.

కాబట్టి మొదటి భేటీలోనే అడగండి. ఏ పద్ధతి వాడతారు? అందులో శిక్షణ ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో? ఎన్ని సెషన్లు? ఎన్నో సెషన్‌లో జ్ఞాపకం మీద పని మొదలవుతుంది? ఇంటిపని ఏమిటి? మెరుగుదల ఎలా కొలుస్తారు? పీటీఎస్‌డీ లక్షణాల్ని కొలిచే పీసీఎల్-5 అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0-4, మొత్తం 80. 31-33 దాటితే లోతుగా పరీక్షించాలి. వారానికోసారి నింపితే 10 నిమిషాల పని. రెండు మూడు పాయింట్ల తేడా లెక్కలోకి రాదు, 15 పాయింట్ల మేర తగ్గితే మార్పు నిజమే. ఆరేడు సెషన్ల తర్వాత కూడా గీత అలాగే ఉంటే కారణం ఇద్దరూ కూర్చుని వెతకాలి. ఇంటిపని జరగడం లేదా, అసలు క్షణం దాటవేస్తున్నారా, పద్ధతే నప్పలేదా. తొలి రెండు మూడు వారాల్లో పీడకలలు కాస్త పెరగవచ్చు. ఆ సంగతి ముందే చెప్పని చోట మనుషులు ‘ఇది నాకు హాని చేస్తోంది’ అని మానేస్తారు.

చివరిగా, నయమైన తర్వాతి మాట. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ కాలం నుంచీ తెలిసిన సంగతి, భయాన్ని తగ్గించే కొత్త పాఠం పాతదాన్ని చెరిపేయదు, దాని మీద అదుపు సంపాదిస్తుంది. కొత్త పాఠం నేర్చుకున్న చోటుకి అతుక్కుని ఉంటుంది. ఊరు మారినా, నిద్ర లేని వారం గడిచినా, ఘటన జరిగిన తేదీ దగ్గరపడినా, మరో దెబ్బ తగిలినా పాతది తల ఎత్తవచ్చు. అందుకే సాధన ఒక్క చోట ఆపకూడదు. ఆ రోడ్డు మీదే కాక వేరే రోడ్ల మీద, పగలే కాక రాత్రి, తోడుతోనే కాక ఒంటరిగా చేయాలి. ఆఖరి సెషన్‌లో ఒక కాగితం రాసుకోవాలి. నా భయం మొదట ఏ రూపంలో తిరిగొస్తుంది (నిద్రా, చిరాకా, దారి మార్చుకోవడమా), అప్పుడు ఏ రికార్డింగు వినాలి, జాబితాలో ఏ పని మళ్ళీ చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఏడాది తర్వాత ఒక సాయంత్రం డీజిల్ వాసనకి గుండె గుభేలుమంటే, దారి మార్చుకునే ముందు ఆ కాగితం తీయాలి. ఆ వారంలోనే మళ్ళీ అదే వీధిలో అరగంట నిలబడాలి, చేతిలో ఒక వాక్యం రాసుకుని: ‘ఏం జరుగుతుందని అనుకుంటున్నాను’.